లింకు డాక్యుమెంట్లు చెప్పని సంగతి: స్థలం కొనే ముందు చూడాల్సిన నేల చరిత్ర

2024 సెప్టెంబరు 8న హైడ్రా (చెరువుల ఆక్రమణలను తొలగించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) యంత్రాలు మాదాపూర్ సున్నం చెరువు దగ్గరా, దుండిగల్ వైపు మల్లంపేట కత్వ చెరువు దగ్గరా కట్టడాలను కూల్చాయి. ఆ నెలల్లో హైదరాబాద్ చుట్టుపక్కల ఇలా ఇళ్లు పోగొట్టుకున్నవారిలో చాలామంది దగ్గర రిజిస్టరైన దస్తావేజులు ఉన్నాయి. ఆస్తి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఉన్నాయి. కొందరి ఇళ్ల మీద ఇంకా కట్టాల్సిన బ్యాంకు రుణాలూ ఉన్నాయి. ప్రభుత్వమే స్టాంపు సుంకం తీసుకుని, ప్రభుత్వమే మీటరు బిగించి, చివరికి ప్రభుత్వమే కూల్చడం ఏమిటన్న వారి ప్రశ్న న్యాయమైనది. ఆ ప్రశ్నకు పాలకులు జవాబు చెప్పాల్సిందే. అయితే ఇప్పుడు స్థలం కొనబోతున్నవారు ఆ జవాబు కోసం ఎదురుచూడలేరు.

వారు గమనించాల్సింది ఒకటుంది. మనం స్థలం కొనేటప్పుడు న్యాయవాదికి చూపించే కాగితాలన్నీ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతాయి: అమ్ముతున్న వ్యక్తికి అమ్మే హక్కు ఉందా? ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), పాసుపుస్తకం అన్నీ మనుషుల మధ్య హక్కు ఎలా చేతులు మారిందో చెబుతాయి. ఆ నేల మీదికి వానాకాలంలో నీరు వస్తుందా, అందులో ఎవరైనా రసాయనాలు పారబోశారా, దాని మీద ఇల్లు కట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నవి వాటిలో ఉండవు. సబ్ రిజిస్ట్రారు వాటిని చూడరు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేకపోతే దస్తావేజు రిజిస్టరవుతుంది. బ్యాంకు లీగల్ ఒపీనియన్ కూడా ప్రధానంగా హక్కు గురించే.

దాగిన లోపాన్ని అమ్మేవాడు చెప్పాలి కదా అనిపిస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఆ బాధ్యతను అమ్మకందారు మీద పెట్టింది నిజమే, కానీ ఒక మెలికతో. తనకు తెలిసిన లోపం, కొనేవారికి తెలియని లోపం, కొనేవారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అయితేనే అతను చెప్పి తీరాలి. గ్రామ నక్షాలో చెరువు గీసి ఉంటే, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైటులో పటం ఉంటే, అది సాధారణ జాగ్రత్తతో కనిపెట్టగలిగినదేనని ఎదుటి న్యాయవాది వాదిస్తారు. అందుకే నేల చరిత్రను వెతికే పని కొనేవారి మీదే పడుతుంది.

నీటి గీత ఎక్కడిది?

మన ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ మందిని ముంచినది ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే మట్టం. చెరువు కట్టకు ఒక చివర అలుగు ఉంటుంది. తెలంగాణలో చాలాచోట్ల దాన్నే మత్తడి అంటారు. నీరు ఆ అలుగు పైఅంచును తాకి పొర్లబోయే క్షణంలో ఎంత మేర పరుచుకుని ఉంటుందో, ఆ అంచు గీతే ఎఫ్‌టీఎల్. అంటే ఇది ఎత్తును బట్టి తేలే గీత. కళ్లకు కనిపించే ఒడ్డుతో దీనికి సంబంధం లేదు. దక్కన్ నేలలో వాలు తక్కువగా ఉన్నచోట అలుగు మట్టం అర మీటరు పెరిగితే నీరు చాలా దూరం పాకుతుంది. ఏప్రిల్‌లో ప్లాటు చూడడానికి వెళ్తే చెరువు ఎక్కడో దూరంగా, చిన్న మడుగులా కనిపించవచ్చు. మీరు నిలబడ్డ ఎండిన నేల మాత్రం ఎఫ్‌టీఎల్ లోపలే ఉండవచ్చు. బ్రోకర్లు ఎండాకాలంలో చూపించే ప్లాటును వానాకాలం చివర్లో మరోసారి చూడమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆ గీతకు బయట బఫర్ ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకూ కుంటలకూ శికం (చెరువు లోపలి) భూములకూ 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించిన వెడల్పున్న వాగు, నాలా, కాలువలకు 9 మీటర్లు, అంతకన్నా ఇరుకైన వాటికి 2 మీటర్లు. నదికి పట్టణ పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు. ఆంధ్రప్రదేశ్ 2017లో తన సొంత భవన నిబంధనలు తెచ్చుకుంది కాబట్టి అక్కడ కొనేవారు వాటిని చూడాలి. కొలతలు కాలానుగుణంగా సవరిస్తుంటారు. స్థలం కొనే రోజున అమల్లో ఉన్న నిబంధన ప్రతి చేతిలో ఉండాలి.

చాలామందిని తప్పుదారి పట్టించే మాట శికం పట్టా. చెరువు లోపలి నేలకు కూడా పాతకాలంలో పట్టాలున్నాయి. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు అది. ఆ పట్టా నిజమైనదే, దాన్ని అమ్మిన దస్తావేజూ నిజమైనదే, కానీ ఎఫ్‌టీఎల్ లోపల కట్టడానికి ఎవరికీ హక్కు లేదు. 'పట్టా భూమి సార్, ప్రభుత్వ భూమి కాదు' అని బ్రోకరు భరోసా ఇచ్చినప్పుడు అతను అబద్ధం చెప్పకపోవచ్చు. మీరు అడగాల్సిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

అయితే ఆ గీతను ఎక్కడ చూడాలి? తెలంగాణలో హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో సర్వే నంబర్లతో సహా పటాలు దొరుకుతాయి. వాటిలో ప్రాథమిక నోటిఫికేషన్ దశలో ఉన్నవీ, తుది నోటిఫికేషన్ అయినవీ వేరువేరు. ప్రాథమిక దశలో ఉందంటే గీత రేపు మారవచ్చని అర్థం, మీ వైపు జరగవచ్చు కూడా. నిబంధనల ప్రకారం చెరువు విస్తీర్ణాన్నీ ఎఫ్‌టీఎల్‌నూ ధ్రువీకరించాల్సింది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు. కాబట్టి ఆ శాఖల ధ్రువీకరించిన పటమే ప్రమాణం. బిల్డరు చూపించే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) జిరాక్సును నమ్మకండి. ఆ ఎన్‌ఓసీ నంబరు, తేదీ రాసుకుని, దాని ధ్రువప్రతినీ దానికి జతచేసిన స్కెచ్‌నూ సమాచార హక్కు చట్టం కింద అదే కార్యాలయంలో అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఎన్‌ఓసీలో రాసిన సర్వే నంబరు ఉపవిభాగం, మీ ప్లాటుది ఒకటేనా అన్నది అక్షరం అక్షరం చూసుకోవాలి. ఒక సర్వే నంబరులో సగం ఎఫ్‌టీఎల్ లోపలా సగం బయటా ఉండడం మామూలే.

ఇక రెండో పని, పాత పటాలు. గ్రామ నక్షాలో వాగు దారి గీసి ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో నీలి గీతలుంటాయి. గూగుల్ ఎర్త్‌లో గత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను వెనక్కి జరిపి చూడవచ్చు. ఇస్రో వారి భువన్ పటాల పోర్టల్ కూడా ఉంది. వెనక్కి వెళ్లేటప్పుడు ఎండాకాలం చిత్రాలు చూసి ఊరుకోకండి. భారీ వర్షాలు పడ్డ సంవత్సరాల అక్టోబరు, నవంబరు చిత్రాలు తీయండి. హైదరాబాద్‌కైతే 2016, 2020 మంచి సాక్ష్యాలు. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుట్ మునిగింది. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు, పల్లె చెరువు కట్టలు తెగి కింది కాలనీలను ముంచాయి.

కట్ట తెగితే కిందనున్న కాలనీ ఎందుకు మునగాలి? మన చెరువులు గొలుసుకట్టు. ఒక చెరువు అలుగు పారితే ఆ నీరు వాగు ద్వారా కింది చెరువుకు వెళ్తుంది. మధ్యలో వాగును పూడ్చి ప్లాట్లు చేసినా నీరు దారి మర్చిపోదు. ఆ ప్లాటు ఏ చెరువు ఎఫ్‌టీఎల్‌లోనూ ఉండదు, ఏ బఫర్‌లోనూ ఉండదు, కాగితాల ప్రకారం నిష్కళంకం. అయినా నీళ్లొస్తాయి. చట్టపరమైన గీతా, వాస్తవమైన ముంపూ రెండూ వేరువేరు విషయాలని గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఇక్కడే. విజయవాడలో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు వేల ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వెలగలేరు రెగ్యులేటర్ నుంచి కొల్లేరు దాకా ఆ వాగు పాత దారి ఏది, కృష్ణలోకి మళ్లించే కాలువ ఎక్కడ తెగగలదు అన్నది అక్కడ ఇల్లు కొనేవారికి దస్తావేజుతో సమానమైన సమాచారం. పక్క వీధిలో పాత ఇంటి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూడడానికీ, కిరాణా కొట్టు యజమానిని ఆ రోజుల గురించి అడగడానికీ ఏ రుసుమూ లేదు.

నిబంధన కంటే ముందే నది ఉంది

1993 సెప్టెంబరులో ఒక పరిశ్రమ కోసం శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొన్నారు. ఆముదం నుంచి రసాయన ఉత్పత్తులు తయారుచేయాలన్నది ఉద్దేశం. ఆ ఊరు హైదరాబాద్‌కు మంచినీరిచ్చే జంట జలాశయాల పరిధిలో ఉంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడడానికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అవి. 1994లో ఒక జీవో, 1996 మార్చి 8న జీవో 111 వచ్చాయి. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల వరకు, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలను, భారీ హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. 1997లో ప్రభుత్వం ఆ ఒక్క పరిశ్రమకు మినహాయింపునిస్తూ జీవో ఇచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2000 డిసెంబరులో కోర్టు మినహాయింపును ఒప్పుకోలేదు. హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ మీదే ఉందని అప్పటికే, 1999 నాటి తీర్పులో, అదే కోర్టు చెప్పింది.

పర్యావరణ న్యాయం చదివేవారికి ఇది ప్రసిద్ధమైన కేసు. స్థలం కొనేవారి కళ్లతో చూస్తే ఇందులో ఇంకో పాఠం ఉంది. భూమి కొన్న రోజున నిషేధపు జీవో ఇంకా రాలేదు. నీటి పరీవాహకం మాత్రం 1920ల నుంచీ అక్కడే ఉంది. రేపు ఏ నిబంధన రావచ్చో ఊహించాలంటే నేడున్న జీవోలు చదివితే చాలదు, నేల స్వభావాన్ని చదవాలి. తాగునీటి జలాశయం పైభాగం, నది ఒడ్డు, అడవిలా పెరిగిన బంజరు, సముద్రపు పాయ... ఇలాంటి చోట్ల నేడు ఆంక్ష లేదన్న మాట నిలకడ లేనిది. ఆంక్ష ఎత్తేశామన్న మాటా అంతే. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా తెలంగాణ ప్రభుత్వం 111 ఆంక్షలను షరతులతో తొలగించింది. వ్యాజ్యాలు ఆగలేదు. 84 గ్రామాల్లో 'ఆంక్షలు పోయాయి' అన్న ప్రకటన చూసి కొనేవారు పెద్దషాపూర్ కథను ఒకసారి చదవాలి. ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు కోర్టులో నిలవదని పాతికేళ్ల కిందటే ఇదే నేల మీద తేలింది.

అడవి విషయం ఇంకా సున్నితం. 1996 గోదావర్మన్ కేసు నుంచి సుప్రీంకోర్టు రెవెన్యూ రికార్డులో ఏం రాసుందన్నది ఒక్కటే చూడడం లేదు, వాస్తవంగా అడవి ఉందా అన్నదీ చూస్తోంది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపింది. ఆ భూమి ప్రభుత్వం చేతిలో, నగరం నడిమధ్యలో ఉండగా ఆ స్థితి వచ్చింది.

తీరంలో ఉదాహరణ కేరళది. కొచ్చి దగ్గర మరడులో పంచాయతీ అనుమతులతో కట్టిన నాలుగు అపార్టుమెంటు సముదాయాలను తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు ఉల్లంఘించాయంటూ 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. కొన్నవారికి తాత్కాలిక పరిహారంగా 25 లక్షల రూపాయల చొప్పున ఇవ్వమంది. అవి సముద్రపు అలల పక్కన లేవు, లోపలి పాయల పక్కన ఉన్నాయి. ఆటుపోట్లు వచ్చే ప్రతి పాయకూ ఈ నిబంధనలు వర్తిస్తాయి. విశాఖ, భీమిలి వైపు బీచ్ స్థలాలు కొనేవారికి ఇది కొంతవరకు తెలుసు. కాకినాడ పాయల పక్కనా, గోదావరి ముఖద్వారాల్లోనూ, ఉప్పుటేరు ఒడ్డునా కొనేవారు దీన్ని మరచిపోతున్నారు. కొల్లేరులో 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించాక 2006లో చేపల చెరువుల గట్లు ఎలా తెగ్గొట్టారో ఆ జిల్లాల వారికి చెప్పనక్కరలేదు.

మట్టిలో ఏముంది?

నీటి సంగతి ఎంతో కొంత చర్చకు వచ్చింది. విషం సంగతి మన దగ్గర ఇంకా సరిగ్గా మొదలు కాలేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

స్థలం కొనే ముందు కాలుష్య చరిత్ర వెతికే పద్ధతి అమెరికాలో ఒక దుర్ఘటన నుంచి పుట్టింది. నయాగరా ఫాల్స్ ఊళ్లో లవ్ కెనాల్ అనే పాత కాలువ గుంతలో 1942 నుంచి ఓ రసాయన కంపెనీ దాదాపు ఇరవై వేల టన్నుల వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్థానిక పాఠశాలల బోర్డుకు రాసిచ్చింది. కింద రసాయనాలున్నాయనీ, వాటివల్ల ఏం జరిగినా తనకు బాధ్యత లేదనీ ఆ దస్తావేజులోనే రాసింది. అది చదివి కూడా బోర్డు అక్కడ బడి కట్టింది. చుట్టూ ఇళ్లు వచ్చాయి. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించాల్సి వచ్చింది. 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం ప్రస్తుత యజమానిని కూడా శుద్ధి ఖర్చుకు బాధ్యుడిని చేసింది, పూడ్చింది అతను కాకపోయినా. కొనేముందు తగిన విచారణ చేశానని చూపించగలిగితే ఆ బాధ్యత నుంచి తప్పించుకునే మార్గం ఉంది. అందుకే అక్కడ కొనుగోలుదారులూ బ్యాంకులూ సాధారణంగా మొదటి దశ విచారణ చేయిస్తారు. ఆ స్థలం పాత వాడకాల రికార్డులు, పాత పటాలు, స్థల పరిశీలన, పాత యజమానులతోనూ పొరుగువారితోనూ ముఖాముఖి అందులో ఉంటాయి. మట్టి తీయరు. అనుమానం తేలితేనే రెండో దశలో బోర్లు వేసి మట్టినీ భూగర్భజలాన్నీ పరీక్షిస్తారు.

మన దగ్గర అలాంటి నిర్బంధం లేదు. ఉన్న కాలుష్యం తక్కువేమీ కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల నుంచి పెరిగింది. నక్కవాగు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం రెండూ అందులో ఉన్నాయి. పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదిలే ఉమ్మడి కేంద్రం దగ్గర లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే స్థాయి కన్నా అది ఎక్కువ. చిత్తూరుకు దగ్గర్లో, తమిళనాడులో ఉన్న రాణిపేటలో 1990లలో మూతపడిన క్రోమేట్ కర్మాగారం లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాన్ని వదిలిపోయింది.

ఇప్పుడు ఈ విషయం మన ఇళ్ల దాకా వస్తోంది. నగరం పెరిగి, సనత్‌నగర్, ఉప్పల్, జీడిమెట్ల లాంటి చోట్ల పాత ఫ్యాక్టరీల స్థలాలు అపార్టుమెంట్లవుతున్నాయి. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన హిల్ట్ విధానం ఔటర్ రింగ్ రోడ్డు లోపలా దాని పక్కనా ఉన్న తొమ్మిది వేల ఎకరాలకు పైగా పారిశ్రామిక భూమిని ఇళ్లకూ వ్యాపారాలకూ మార్చుకునే దారి తెరిచింది. దాని మీద భూముల ధర గురించి రాజకీయంగా చాలా వాదన జరిగింది. ఆ మట్టిలో ఏముందన్న ప్రశ్న దాదాపుగా వినిపించలేదు. పరిశ్రమలను ఊరి బయటికి పంపడం మంచిదే. వాటి నేలను పరీక్షించకుండా పిల్లలున్న కుటుంబాలను అక్కడికి పంపడం మంచిది కాదు. భూమి వాడకం మార్చే ప్రతి ఉత్తర్వుకూ మట్టి, నీటి పరీక్ష ఫలితాన్ని జతచేసి అందరికీ కనిపించేలా పెట్టాలని అడగడం మన హక్కు.

బిల్డరును అడిగితే సాయిల్ టెస్ట్ చేయించామంటారు. చేయిస్తారు కూడా. అయితే ఆ పరీక్ష చెప్పేది నేల ఎంత బరువు మోస్తుందన్నది. సీసం, క్రోమియం, ద్రావకాలు, పెట్రోలియం నూనెలు ఉన్నాయా అన్నది అందులో ఉండదు. ఎలాగూ అదే బోరు వేస్తున్నారు కాబట్టి, అదే రోజు వేర్వేరు లోతుల్లోంచి కొన్ని నమూనాలు ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న రసాయన ప్రయోగశాలకు పంపడం పెద్ద పని కాదు. ఏం వెతకాలన్నది అక్కడ ముందు ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్యాటరీల పని జరిగిన చోట సీసం, ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్డు ఉన్నచోట క్రోమియం, నికెల్, సయనైడు, పాత పెట్రోలు బంకు ఉన్నచోట బెంజీను, బల్క్ డ్రగ్ యూనిట్ ఉన్నచోట ద్రావకాలు. లోహాలు పై మట్టిలోనే ఎక్కువగా ఉండిపోతాయి. ద్రావకాలు కిందికి జారి, గ్రానైటు పగుళ్ల వెంట పాకి, నాలుగు ప్లాట్ల అవతల బోరులో తేలతాయి. హైదరాబాద్ రాయి స్వభావం వల్ల ఒక బోరు శుభ్రంగా ఉండి పక్క బోరు చెడిపోయి ఉండగలదు. ఆవిరయ్యే రసాయనాలు సెల్లారులోకి పైకి కూడా వస్తాయి. ఒకే నమూనా తీసి 'ఏమీ లేదు' అన్న నివేదికకు అందుకే విలువ తక్కువ.

చిన్న ప్లాటు కొనేవారు ఇంతంత చేయలేరు. వారు చూడగలిగేవి కొన్ని ఉన్నాయి. పల్లపు ప్లాటును ఎత్తు చేసిన మట్టి ఎక్కడిదో అడగాలి. ఒక మూల మూడడుగులు తవ్వించి చూస్తే చెత్త, బూడిద, రంగు ముద్దలు, ఘాటైన వాసన తెలుస్తాయి. పక్క బోరు నీటిని పరీక్షకు ఇవ్వాలి. తాగునీటి ప్రమాణాల ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచివి, వేరే నీరు లేనప్పుడు 2,000 వరకు సహించవచ్చు. నైట్రేటు 45 దాటకూడదు. జవహర్‌నగర్ లాంటి చెత్త దిబ్బల పల్లపు వైపు ఉన్న స్థలాల్లో ఈ పరీక్ష లేకుండా అడుగు వేయకూడదు. అక్కడి మల్కారం చెరువును దిబ్బ నుంచి ఊరిన నల్లనీరే పాడుచేసింది.

చట్టం ఈమధ్యే కాస్త కదిలింది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాలను ఆరు నెలలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి నివేదించాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. తేలితే కాలుష్యకారకుడి ఖర్చుతో శుద్ధి జరగాలి. అప్పటికే దేశంలో 103 కలుషిత స్థలాలను గుర్తించారు. ఈ పని సవ్యంగా సాగితే కొనేవారు ఆ జాబితాలో చూసుకునే రోజు వస్తుంది. అప్పటిదాకా జాబితాలో లేదన్నంత మాత్రాన నేల శుభ్రమని అనుకోవడానికి లేదు.

ప్రహరీ అవతల

మీ ప్లాటు శుభ్రంగా ఉండి పొరుగు ప్రమాదంగా ఉండవచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ఆ కర్మాగారం 1961 నాటిది. ఆ తర్వాతి అరవై ఏళ్లలో నగరం దాని గోడల దాకా వచ్చింది. కిలోమీటరు పరిధిలో ఏ పరిశ్రమలున్నాయి, అవి ఎరుపు వర్గంలోవా (ఎక్కువ కాలుష్యం కలిగించేవా), ఏ రసాయనాలు నిల్వ చేస్తాయి అన్నది కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రాల్లో ఉంటుంది. రాత్రి పదింటికి వెళ్లి వాసన చూడడం కూడా పరిశీలనే. పగలు వదలనివి రాత్రి వదులుతారని పారిశ్రామికవాడల పక్కన ఉండేవారందరికీ తెలుసు.

అపార్టుమెంటు అయితే

కట్టే విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి ఉండాలి. అది కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. ఆ పత్రంలో రాసిన సర్వే నంబర్లు, టవర్ల సంఖ్య, అంతస్తులు మీకు అమ్ముతున్న వాటితో సరిపోవాలి. నాలా బఫర్, మురుగునీటి శుద్ధి, బోరు నీటి వాడకం మీద పెట్టిన షరతులు అందులోనే ఉంటాయి. కట్టేశాక అనుమతి తెచ్చుకోవడం కుదరదని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. నవంబరులో మెజారిటీ తీర్పుతో దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఆరు నెలల ఊగిసలాట చూశాకైనా 'తర్వాత తెచ్చుకుంటాం' అన్న బిల్డరు మాట మీద డబ్బు పెట్టకూడదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నమోదు ఉందికదా అని ధీమా పడేవారున్నారు. హక్కు లోపానికీ నిర్మాణ లోపానికీ రెరా చట్టం పరిహారం చెబుతుంది. నేల కాలుష్యం ప్రస్తావన అందులో లేదు.

బయానా ఇచ్చే ముందు

ఇదంతా చేయడానికి సమయం పడుతుంది, ఆ సమయాన్ని అగ్రిమెంటులోనే కొనుక్కోవాలి. మొదట ఇచ్చే మొత్తం చిన్నదిగా ఉంచి, నీటిపారుదల, రెవెన్యూ శాఖల ధ్రువీకరించిన స్కెచ్ వచ్చేవరకు మిగతాది చెల్లించనని రాయించుకోండి. ఎఫ్‌టీఎల్, బఫర్, వాగు, అటవీ లేదా తీర ఆంక్ష ఏది తేలినా బయానా పూర్తిగా, గడువు తేదీతో సహా, తిరిగివ్వాలన్న షరతు ఉండాలి. స్థలంలో గతంలో పరిశ్రమ, గ్యారేజీ, బంకు, ఇటుక బట్టీ, చెత్త నింపడం ఏదైనా జరిగిందా అన్న ప్రశ్నకు అమ్మకందారు రాతపూర్వక జవాబు అగ్రిమెంటులో భాగం కావాలి. అబద్ధమని తేలితే నష్టం భరిస్తానని కూడా అందులోనే ఉండాలి. 55వ సెక్షన్ కింద రేపు 'నాకు తెలియదు' అనే వీలు అతనికి అప్పుడు తగ్గుతుంది, 'మీరు అడగలేదు' అనే వీలు అసలు ఉండదు. బోరు వేసి మట్టి తీసుకోవడానికి అనుమతి కూడా అదే కాగితంలో అడగండి. నిజాయితీగా అమ్మేవారికి ఈ షరతుల వల్ల పోయేదేమీ లేదు. రెండో పార్టీ రెడీగా ఉంది, ఈ సాయంత్రంలోగా బయానా ఇవ్వకపోతే ప్లాటు పోతుంది అని తొందరపెడితే, ఆ ప్లాటును పోనివ్వండి.